తాడు పట్టుకున్న మనిషి

ఏప్రిల్ 8, 2007. ఆదివారం

ఆర్.కె. పురంలోనే ఒక సెక్టారు నుంచి ఇంకో సెక్టారుకి మారడానికి ఇంత సామానా. నేను వంటింట్లో డబ్బాలు సర్దుతుంటే ముందు గదిలోంచి భవ్య, "మమ్మీ, యే క్యా చీజ్ హై?" అంది. వెళ్ళి చూస్తే ట్రంకుపెట్టె తెరిచి ఉంది. నాన్న డైవింగు రెగ్యులేటర్, నీళ్ళ అడుగున గాలి అందించేది, దాని ఒళ్ళో ఉంది.

ఇత్తడి డబ్బా. రెండు పక్కలా ముడతల రబ్బరు గొట్టాలు, వాటి మధ్యలో నోట్లో పెట్టుకునే ముక్క. గొట్టాలు ముట్టుకుంటే నల్లటి పొడి రాలుతోంది. డబ్బా మూత క్లిప్పులు పచ్చటి చిలుము పట్టి అతుక్కుపోయాయి. భవ్య గోటితో లాగింది, నేను స్పూను కాడ పెట్టి చూశాను. కదల్లేదు. చింతపండు పెట్టి తోముతానంది. ముట్టుకోవద్దన్నాను.

పోయినేడు నుంచి ఆ డైవింగు క్లబ్బులో చేరి ఆదివారాలన్నీ ఈతకొలను అడుగునే గడుపుతోంది కదా, కళ్ళు మెరిశాయి. ఇలాంటివి బాగుచేసి మళ్ళీ నీళ్ళలో వాడేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారట. "తాతయ్యది నేను వేసుకుని దిగితే ఎంత బావుంటుంది మమ్మీ."

బావుండదన్నాను. దాన్ని వేసుకునే కదా నాన్న డ్యామ్ తలుపు దగ్గర ఇరుక్కున్న దుంగ తీయడానికి దిగింది. పైకి లాగేసరికి ప్రాణం లేదు. నాకప్పుడు పదమూడేళ్ళు. 'సొంత పరికరాన్ని సరిగా చూసుకోని నిర్లక్ష్యం వల్ల' అని విచారణలో తేల్చారు. ఆ ముక్క ప్రాజెక్టు కాలనీలో అందరికీ నోటికొచ్చేసింది. బళ్ళో పిల్లలకి కూడా.

ఇప్పుడే లేచి వెళ్ళి గ్యాసు కట్టేశానో లేదో చూసొచ్చాను. కట్టేసే ఉంది.

ఏప్రిల్ 15

నా మాట ఎవరు వింటారు. భవ్య క్లబ్బులో పరికరాలన్నీ చూసే పెద్దాయన్ని ఇంటికే పిలుచుకొచ్చింది. "శంకర్ అంకుల్, తెలుగువాళ్ళే మమ్మీ." బొంబాయిలో సముద్రపు చమురు కంపెనీల దగ్గర డైవర్లకి సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడట. ఇందిరాపురంలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. అరవై దాటి ఉంటాయి, మనిషి గట్టిగా ఉన్నాడు.

ఆ డబ్బా బల్ల మీద పెడితే వెంటనే ముట్టుకోలేదు. కాసేపు చూశాడు. తర్వాత ఎత్తి, తిరగేసి, అడుగున బొటనవేలితో రాశాడు. నాన్న మేకుతో గీసుకున్న 'వెం.సు.' సరిగ్గా అక్కడే ఉంది. చిలుము కింద కనపడనే కనపడదు.

"ఫ్రెంచి వాళ్ళది. రబ్బరంతా మార్చాలి. ఇత్తడికేం కాలేదు. నాకిస్తే మళ్ళీ ఊపిరి పీల్చేలా చేస్తానమ్మా" అన్నాడు.

ఆలోచించి చెప్తామన్నాను. కాఫీ సగం వదిలేసి వెళ్ళాడు.

ఏప్రిల్ 16

అది ఎవరిదని అడగలేదే.

ఏప్రిల్ 19

మా ఆయన అన్నం తింటూ, "పాపం ముసలాయన సాయం చేస్తానంటే కూడా తప్పేనా? మీ ఆఫీసు విజిలెన్స్ సెక్షన్ని ఇంటికి మోసుకురాకు" అన్నారు. నేనేం అనలేదు ఎవర్నీ. ఊరికే అడిగాను, ఆ శంకర్ పూర్తి పేరేమిటని. భవ్యకి తెలీదు. శంకర్ అంకుల్, అంతే. ఏడాదిగా ఆయన ఇచ్చిన గాలి పీలుస్తోంది, పేరు తెలీదు.

క్లబ్బుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. భీమశంకరం.

ఏప్రిల్ 20

విజయవాడకి, అమ్మకి ఫోన్ చేశాను. తమ్ముడు తీసి అమ్మకిచ్చాడు. మోకాళ్ళ నొప్పులూ, బంధువులమ్మాయి వాసవి పెళ్ళి సంబంధమూ అన్నీ అయ్యాక, "భీమశంకరం అనే ఆయన నీకు తెలుసా?" అన్నాను.

టీవీ తగ్గించమని అమ్మ తమ్ముడితో అనడం వినపడింది.

"ఎందుకే?"

"ఊరికే. ఇక్కడెవరో ఉన్నారు."

"మీ నాన్న దిగితే పైన తాడు పట్టుకునేవాడు. ఆ రోజూ వాడే పట్టుకున్నాడు. తర్వాత మన గడప తొక్కలేదు. నెల తిరక్కుండా బొంబాయి పోయాడన్నారు."

నాన్న నడుముకి కట్టిన తాడు. లోపల ఏమైనా అయితే లాగేది ఆ తాడే. దాని ఇంకో కొస ఇతని చేతుల్లో ఉంది.

మరి నా ఇంట్లో కూచుని, నా ఎదురుగా నాన్న పేరు మీద వేలు పెట్టి, ఎందుకు చెప్పలేదు?

ఏప్రిల్ 23

రెగ్యులేటర్ ఇవ్వడానికి ఒప్పుకున్నాను. భవ్య మెడ చుట్టూ చేతులు వేసింది. మా ఆయన నా మొహంలోకి చూశారు. నాకేం అనుమానం లేదు. ఇస్తే ఏం చేస్తాడో చూద్దామని.

ఏప్రిల్ 29

ఢిల్లీ ఆటోవాడు బోర్డరు దాటనని గాజీపూర్ దగ్గర దింపేశాడు. యూపీ ఆటో మాట్లాడుకుని, ఎండలో నేనూ భవ్యా ఇందిరాపురం చేరాం. ఎనిమిదో అంతస్తు. బాల్కనీ మూసి చిన్న పనిగది చేసుకున్నాడు. ఎక్కడి పనిముట్టు అక్కడే. కోడలు మజ్జిగ ఇచ్చింది.

"భీమశంకరం గారూ, ఒక్కటే షరతు. ఆ ఇత్తడి డబ్బా నేను లేకుండా తెరవకూడదు" అన్నాను.

పూర్తి పేరు పిలిచినందుకు తలెత్తుతాడని చూశాను. ఎత్తాడు. కానీ మాట మామూలుగానే వచ్చింది. "అలాగేనమ్మా. రబ్బర్లు అమెరికా నుంచి రావాలి. వచ్చాక నువ్వుండగానే తెరుద్దాం."

నిజానికి బయల్దేరే ముందే భవ్య ఆకుపచ్చ గోళ్ళరంగు తీసుకుని ఒక క్లిప్పు మీద నుంచి డబ్బా అంచు మీదకి సన్నటి గీత గీశాను. చిలుములో కలిసిపోయింది, తెలిసినవాళ్ళకి తప్ప కనపడదు. తెరిస్తే గీత తెగుతుంది.

ఇలా చేసినట్టు ఎవరికీ చెప్పక్కర్లేదు.

మే 6

వెళ్ళాం. గీత అలాగే ఉంది. పాత గొట్టాలు కోసి తీశాడు. వీపుకి కట్టుకునే పట్టీల బకిల్సు తోముతూ భవ్యకి చెప్తున్నాడు: ఈ పాత రకంలో బుడగలు మొహం ముందు రావు, మెడ వెనక నుంచి పోతాయి, అందుకే ఎదురుగా అంతా ప్రశాంతంగా ఉంటుంది అని. నాతో ఎక్కువ మాట్లాడలేదు.

మే 13

గీత ఉంది.

మే 16

భవ్య అన్నం కలుపుకుంటూ తనలో తను నవ్వుకుంటోంది. ఏమిటంటే, "తాతయ్య దిగే ముందు ప్రతిసారీ రెగ్యులేటర్‌ని చెవి దగ్గర పెట్టుకుని వినేవాడంట. అంత కేర్‌ఫుల్ మనిషిని చూళ్ళేదు అన్నారు అంకుల్."

గరిటె గిన్నెలో పెట్టేశాను. "ఆయనకెలా తెలుసు?"

"కలిసి పనిచేశారు కదా. నీకు తెలుసనుకున్నాను. నీకు తెలుసని ఆయనా అనుకుంటున్నారు, పూర్తి పేరు పెట్టి పిలిచావట."

అయితే నాకు తెలుసని తెలిసీ నాతో మాట్లాడ్డు. పిల్లతో మాట్లాడతాడు. దాన్ని మంచి చేసుకుంటున్నాడు. దానికి పంతొమ్మిదేళ్ళు, తాతయ్య గురించి ఎవరేం చెప్పినా నోరు తెరుచుకు వింటుంది. రేపు ఆయన బాగుచేసిన ఆ ముక్కే నోట్లో పెట్టుకుని నీళ్ళ అడుక్కి పోతుంది.

మే 20. ఆదివారం

చెప్పకుండా వెళ్ళాను. ఒక్కదాన్నే. కోడలు తలుపు తీసి, "మామయ్యగారు లోపలున్నారు ఆంటీ" అంది.

బల్ల మీద డబ్బా. క్లిప్పులు పెట్టే ఉన్నాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాను. గీత తెగింది. క్లిప్పు మీద ఒక ముక్క, అంచు మీద ఒక ముక్క, రెంటికీ మధ్య గోరంత తేడా.

"తెరిచారు" అన్నాను.

ఆయన కాదనలేదు. స్టూలు జరిపి కూచోమన్నాడు. కూచోలేదు.

"నేను లేకుండా తెరవొద్దన్నాను. అలాగేనన్నారు. ఏం తీసేశారు అందులోంచి? ముప్ఫయ్యేళ్ళ తర్వాత ఇంకా తుడవాల్సింది ఏం మిగిలింది? ఆ రోజు తాడు పట్టుకుంది మీరు. మా ఇంటికొచ్చి నోరు మెదపలేదు. మా నాన్నది నిర్లక్ష్యం అని రాస్తుంటే అప్పుడూ మెదపలేదు."

కోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన చెయ్యి ఊపితే లోపలికి వెళ్ళింది.

"ఏమీ తీయలేదమ్మా. తెరిచాను, చూశాను, మూసేశాను. ఒక్క చుక్క నూనె కూడా వేయలేదు. నీ ఎదురుగా తెరిచే ధైర్యం లేకపోయింది."

"ఎందుకు?"

ఆయన చేతులు చూసుకుంటూ చెప్పాడు. ఆయన మాటల్లోనే రాస్తాను, లేకపోతే రేపటికి నేనే మార్చేసుకుంటాను.

"మీ నాన్న దిగాక మామూలుగానే ఒకసారి లాగాడు, బాగున్నానని. నేనూ లాగాను. మళ్ళీ కాసేపటికి నేను లాగితే జవాబు లేదు. పనిలో ఉన్నాడనుకున్నాను. ఇంకోసారి లాగాను. తాడు బరువుగా వచ్చింది. అరిచాను, లాగాం. అంతే. నేనేమన్నా పక్కకి చూశానా, ఆయన లాగితే నా చేతికి తెలియలేదా అని అప్పట్నుంచీ అదే ఆలోచన. మీ అమ్మ మొహం చూళ్ళేక పారిపోయాను. బొంబాయిలో చాలా ఏళ్ళకి ఒక ట్రైనింగులో చెప్పారు. ఇనప సిలిండర్లో తడి ఉండి, గాలి నింపి నెలల తరబడి వదిలేస్తే లోపల తుప్పు పడుతుంది. గాలిలో ఉన్న ప్రాణవాయువుని ఆ తుప్పు తినేస్తుంది. మిగిలిన గాలి పీలిస్తే ఉక్కిరిబిక్కిరి కూడా కాదు. నిద్రపట్టినట్టు పోతారు. తాడు లాగాలని కూడా తోచదు. ఆ రోజు సిలిండరు ప్రాజెక్టు స్టోరు నుంచి ఇచ్చారు. ముందటేడు నింపింది. సాయంత్రానికల్లా దాన్ని ఎవరో తీసుకెళ్ళిపోయారు. నాకు అది అప్పుడు తట్టలేదు."

"అయితే?"

"అయితే ఆ తుప్పు కొంత గాలితో పాటు ఇందులోకి రావాలి. గాలి లోపలికొచ్చే చోట చిన్న జల్లెడ ఉంటుంది. అందులో తుప్పుంటే సిలిండరుది తప్పు. జల్లెడ శుభ్రంగా ఉంటే తప్పు నాది, తాడు నాకు తెలియలేదు. నువ్వు చూస్తుండగా అది శుభ్రంగా కనపడితే నేనేం చేయను? అందుకని ముందే చూశాను."

డబ్బా తెరిచి చూపించాడు. లోపల రబ్బరు పొర తాటాకులా చిట్లి ఉంది. సిలిండరు నుంచి గాలి వచ్చే మూతిలో వేలి గోరంత కంచు జల్లెడ. దాని నిండా గడ్డకట్టిన ఎర్రటి పొడి.

నేను దాన్నే చూస్తూ, "ఇది మీరే వేసి ఉండొచ్చు" అన్నాను.

ఆయన తలూపాడు. "వేయొచ్చు. ఈ పొడి ఉంటే నాకు లాభమే. నువ్వు నమ్మకపోవడం న్యాయమే."

రెగ్యులేటర్ సంచీలో పెట్టుకుని వచ్చేశాను.

మే 21

రెగ్యులేటర్ వెనక్కి తెచ్చేశానని భవ్య నాతో మాట్లాడ్డం లేదు.

మే 22

ఇంకా లేదు.

మే 27

భవ్య మాట్లాడింది. "ఆప్ హర్ కిసీ పే షక్ కర్తీ హో. అందరి మీదా అనుమానమే. నా ఫోన్ చూస్తావు, పనామె సంచీ చూస్తావు. గ్యాస్ చూస్తావు, సరే. మనుషుల్ని కూడా అలాగే చూస్తే ఎలా మమ్మీ."

నేను ఎవరి సంచీ చూళ్ళేదు. ఒకసారి చూశాను.

జూన్ 2

కరెంటు లేదు, కూలరు లేదు. ఆఫీసు భూతద్దం తెచ్చుకుని వరండాలో కూచుని జల్లెడని చూశాను. ఎర్ర పొడి. తుప్పే. నాకు తెలిసింది అంతవరకే. అది డెబ్బయ్యారులో పట్టిందో, మొన్న మే నెలలో పెట్టిందో భూతద్దం చెప్పదు. ఆఫీసులో సీలు తెగిన కవరు వస్తే లోపలేముందో చదవను కూడా, పక్కన పెట్టేస్తాను. ఇదీ అంతే. పక్కన పెట్టేయాలి.

పెట్టలేకపోతున్నాను.

జూన్ 3

ఒక సంగతి నిద్రలేవగానే తట్టింది. ఆయన చెప్పింది కాదు, నేను కళ్ళారా చూసింది.

పెట్టె తెరిచిన రోజు ఆ క్లిప్పులు అతుక్కుపోయి ఉన్నాయి. నేనే స్పూను కాడ పెట్టి చూశాను. నాన్న దినాలయ్యాక ప్రాజెక్టు వాళ్ళు ఆయన బట్టలతో పాటు దీన్ని అమ్మకిచ్చి వెళ్ళారు. అప్పట్నుంచి పెట్టెలోనే ఉంది, విచారణప్పుడు కూడా ఎవరూ అడగలేదు. విచారణ వాళ్ళు దీన్ని తెరిచి ఉంటే ఈ రబ్బరు పొర చూసేవాళ్ళు, జల్లెడ చూసేవాళ్ళు. తెరిచి చూసిన వస్తువుకి విచారణ చీటీయో, సీలో ఉంటుంది. ఏమీ లేదు. అసలు జల్లెడ తీసి చూడకుండానే 'నిర్లక్ష్యం' అని రాశారు.

కవరు తెరవకుండా నోట్ రాసేవాళ్ళు నాకు తెలుసు. రోజూ చూస్తాను. పై వాళ్ళకి ఏం కావాలో అది రాస్తారు. స్టోరు వాళ్ళది తప్పని రాస్తే పదిమంది మీదకి వస్తుంది. చనిపోయినవాడి మీద రాస్తే ఎవరూ అడగరు.

భీమశంకరం నిజం చెప్పాడని దీనివల్ల తేలదు. నాన్న తప్పు చేశాడని కూడా ఎవరూ తేల్చలేదని మాత్రం తేలింది.

నేను కూడా ముప్ఫయ్యేళ్ళు ఆ రాసిన ముక్కనే నమ్మాను. అందర్నీ అనుమానించేదాన్ని, ఆ కాగితం రాసినవాణ్ణి ఒక్కసారీ అనుమానించలేదు.

జూన్ 9

ఆయనే ఫోన్ చేశాడు. "రబ్బర్లు వచ్చాయమ్మా. మీ ఇంటికి పంపించనా, ఉంచనా?" అంతే అన్నాడు. బతిమాలుకోలేదు.

"ఉంచండి. రేపు వస్తాను" అన్నాను.

జూన్ 10

మధ్యాహ్నమంతా ఆ బాల్కనీలోనే. భవ్య కింద చాప మీద, నేను స్టూలు మీద. జల్లెడని నేను ఒక ప్లాస్టిక్ డబ్బీలో పెట్టుకున్నాను, దాని బదులు కొత్తది వేశాడు. ఇత్తడి భాగాలు వెనిగరు నీళ్ళలో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో కడిగాడు. పచ్చదనం పోయి లోపల్నుంచి లేత రంగు వచ్చింది. ప్రతి భాగం బిగించే ముందు నా చేతికిచ్చాడు. కొత్త డయాఫ్రం, అంటే గాలి పీల్చినప్పుడు లోపలికి వంగే ఆ రబ్బరు పొర, అరచేతిలో అప్పడంలా ఊగింది. కొత్త గొట్టాలు తొడిగి పట్టీలు బిగించాడు.

సిలిండరు కొత్తది, క్లబ్బుది. పరీక్ష తేదీ నేనే చదివాను. రెండోసారి కూడా చదివాను.

వాల్వు తిప్పి, రెగ్యులేటర్ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నాకిచ్చాడు. చప్పుడు లేదు. "అది మంచిది. లీకుంటే పాములా బుస కొడుతుంది" అన్నాడు.

"కొలనులో ముందు నేను దిగుతాను. పిల్ల తర్వాత" అని కూడా ఆయనే అన్నాడు. నేను అడుగుదామనుకుంటున్నదే. ముందే కనిపెట్టాడా? నన్ను నమ్మించడానికి చెప్తున్నాడా?

ఇలా ఆలోచించడం నా చేతుల్లో లేదు. ఆలోచిస్తూనే "సరే" అన్నాను.

జూన్ 17

వాన పడేలా ఉంది, పడదు. కొలను ఈ వారం కుదరదన్నారట. భీమశంకరం ఏదో వంక పెట్టిస్తున్నాడనుకున్నాను. భవ్యని అడిగితే నీళ్ళు మారుస్తున్నారంది. దాని స్నేహితురాల్ని అడిగి కూడా కనుక్కున్నాను. నిజంగానే మారుస్తున్నారు.

జూన్ 24. ఆదివారం

పొద్దున్నే వెళ్ళాం. దక్షిణ ఢిల్లీలో ఒక బడి ఈతకొలను, ఆదివారాలు క్లబ్బు అద్దెకి తీసుకుంటుంది. ఆయన (మా ఆయన) కూడా వచ్చి గట్టు మీద పేపరు పట్టుకు కూచున్నారు, ఒక్క పేజీ తిప్పలేదు.

భీమశంకరం సిలిండరు వీపుకి కట్టుకున్నాడు. రెండు గొట్టాలు భుజాల మీదుగా వచ్చి నోటి దగ్గర కలిశాయి. ఇంట్లో ఉన్న ఫోటోలో నాన్న ఇలాగే ఉంటాడు. నేను పక్కకి చూశాను.

నడుముకి తాడు కట్టుకుని రెండో కొస నాకిచ్చాడు. "ఈ కొలనులో అక్కర్లేదు. అయినా పట్టుకో. ఒకసారి లాగితే బాగున్నానని. నువ్వూ ఒకసారి లాగు."

దిగాడు. లోతు వైపు అడుగున మోకాళ్ళ మీద కూచున్నాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, మనిషంతా కనిపిస్తున్నాడు. మెడ వెనక నుంచి బుడగలు వరసగా పైకి వస్తున్నాయి. తాడు నా చేతిలో ఉంది. నీళ్ళు కదిలినప్పుడల్లా తాడూ కదులుతోంది. పిల్లలెవరో పక్కన దూకారు, అలకి మళ్ళీ కదిలింది. ఏది ఆయన లాగడం, ఏది నీళ్ళు లాగడం? ఒకసారి లాగాను. ఏమీ రాలేదు. కళ్ళెదురుగా బుడగలు వస్తూనే ఉన్నాయి, అయినా ఆగలేకపోయాను. ఇంకోసారి లాగాను. అప్పుడు తెలిసింది, గట్టిగా, ఎవరో కొంగు పట్టుకుని లాగినట్టు.

పైకి వచ్చాక మౌత్‌పీస్ తీసి, రొప్పుతూ, "బ్రహ్మాండంగా ఇస్తోంది గాలి" అన్నాడు. తర్వాత మెట్ల మీద కూచుని మెల్లిగా, "నేను రెండుసార్లు లాగాను. నువ్వు ఒకటే పట్టుకున్నావు" అన్నాడు.

అది నిజమో, కావాలని అన్నాడో నాకు తెలీదు. ఎప్పటికీ తెలీదు. ఇంత తేట నీళ్ళలో, మనిషి కనపడుతుండగా, ఒకటి జారిపోయిందంటే నమ్మొచ్చు అనిపించింది. డ్యామ్ దగ్గర నీళ్ళు మట్టి రంగులో ఉంటాయి.

"నాకు తెలియలేదు" అన్నాను. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

భవ్య దిగింది. తాడు నేనే పట్టుకున్నాను. దాని జడ నీళ్ళలో పైకి లేచి ఊగుతోంది. బుడగలు, బుడగలు. అది అడుగున పడుకుని చేతులు చాపింది. మా ఆయన పేపరు కింద పెట్టి గట్టు అంచుకొచ్చి నిలబడ్డారు. చాలాసేపు ఉంది. పైకి వచ్చి ఒక్క ముక్క మాట్లాడలేదు, నా చెంపకి తడి చెంప ఆనించింది. రబ్బరు వాసన.

అప్పుడే అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, నాన్న రెగ్యులేటర్లో తప్పు లేదు. స్టోరు సిలిండరులో తుప్పు. అది గాలిని చెడగొట్టింది. నాన్నది నిర్లక్ష్యం కాదు."

"ఎవరు చెప్పారు?"

"భీమశంకరం గారు."

"రుజువుందా?"

నన్ను కన్నది ఈవిడే కదా. డబ్బీలో ఉన్న జల్లెడ గురించి చెప్పబోయి మానేశాను. "లేదు" అన్నాను.

"వాడు చెప్తే నువ్వు నమ్మావా?"

"నమ్మాను."

అమ్మ ఊపిరి తీసుకోవడం వినపడింది. వెనక తమ్ముడి ఇంట్లో టీవీ మోగుతోంది.

"వాణ్ణి ఒకసారి ఇవ్వు" అంది.

ఫోను ఆయన చేతికిచ్చాను. తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. "వదినగారూ" అన్నాడు. నేను లేచి కొలను చుట్టూ తిరిగి అవతలి గట్టు మీదకి, భవ్య దగ్గరకి వెళ్ళి కూచున్నాను. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. తర్వాత అడగలేదు కూడా.